దొడ్డిగుట్ట, గది నంబరు 214

రాతికోట విశ్వవిద్యాలయం వారు ఏటా అచ్చువేసే ప్రవేశాల పుస్తకంలో పద్నాలుగో పేజీ చాలా అందంగా ఉంటుంది. పైన "వృక్ష పర్యావరణం, పరిణామ శాస్త్రాల్లో పరిశోధనావకాశాలు" అని పెద్దక్షరాలు. కింద మంచుకొండలు, వాటి ముందు దేవదారు చెట్లు, ఆ చెట్ల కింద భూతద్దం పట్టుకుని నవ్వుతున్న అమ్మాయి. "ప్రకృతి ఒడిలో పరిశోధన చేయండి" అని ఆ అమ్మాయి పిలుస్తున్నట్టు రాసి ఉంటుంది. విశ్వవిద్యాలయం ఉన్నది అనంతపురం వైపు. అక్కడ మంచు సంగతి దేవుడెరుగు, మంచినీళ్లే రెండు రోజులకోసారి వస్తాయి. అయినా అచ్చువేసిన వాళ్లని తప్పుపట్టడానికి లేదు. ఆ మంచు ఇక్కడిదని వాళ్లెక్కడా రాయలేదు.

ధర్మవరం అమ్మాయి ప్రసూన ఆ పేజీ చూసే పరిశోధనలో చేరింది. చేరాక మంచు దొరకలేదు గానీ దొడ్డిగుట్ట దొరికింది.

దొడ్డిగుట్ట విశ్వవిద్యాలయానికి ముప్పై ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న బోడి రాతికొండ. తొలకరి వానలకు ఆ రాతి మీది గుంతల్లో నీళ్లు నిలుస్తాయి. ఆ నీళ్లలో వేలెడంత మొక్క ఒకటి లేస్తుంది. దాని పేరు రాతిముక్కెర. ముక్కుపుడకంత పసుపు పువ్వు పూస్తుంది, పొద్దు పొడుస్తూనే విచ్చుకుంటుంది, తొమ్మిది కొట్టేసరికి ముడుచుకుంటుంది. ఆ గుట్ట మీద తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు.

గుట్ట నెత్తిన ఉన్న గుంతలు తొందరగా ఎండిపోతాయి. అందుకని పైనున్న మొక్కలు హడావిడిగా పూసేస్తాయి. కింది గుంతల్లో నీళ్లు నిలుస్తాయి గనక కిందివి తీరిగ్గా పది రోజుల తరవాత పూస్తాయి. పైవి పూసినప్పుడు కిందివి పూయవు, కిందివి పూసేసరికి పైవి గింజ కట్టేసుకుంటాయి. ఇలాగే నడిస్తే కొన్ని వేల ఏళ్లకు ఒక జాతి రెండు జాతులవుతుంది. ఒకే ఇంట్లో అన్నదమ్ములు వేరు పొయ్యిలు పెట్టుకున్నట్టన్నమాట. ఆ వేరుపడటం ఇప్పుడే, ఇక్కడే మొదలైందని రుజువు చేస్తే ప్రసూనకు డాక్టరేటు వస్తుంది. నాలుగేళ్లు తిరిగి నాలుగు వందల పన్నెండు మొక్కల పక్కన నంబరు బిళ్లలు పాతిపెట్టింది. ఒక ఏడు వానలు రాలేదు, ఒక ఏడు తనకు టైఫాయిడ్, ఒక ఏడు మొక్కలకు పురుగు. ఈ ఐదో ఏడే ఆఖరి గడువు. వానలు బాగా పడ్డాయి. పూత మొదలైన దగ్గర్నుంచి మూడు వారాలు ఆ గుట్ట మీద రోజూ పొద్దున ఉండగలిగితే పని పూర్తవుతుంది.

సరిగ్గా అప్పుడు సర్క్యులర్ వచ్చింది.

దానికో కథ ఉంది. క్షేత్ర పర్యటన అని సెలవు తీసుకున్న ఒక పరిశోధకుడు మరదలి పెళ్లిలో సాంబారు వడ్డిస్తుండగా, అదే బంతిలో కూర్చుని ఉన్న రిజిస్ట్రార్ విరూపాక్షయ్య గారి విస్తరి దాకా వచ్చాడు. సాంబారు విస్తరిలో పడింది, సర్క్యులర్ మర్నాడు పడింది. "ఇందుమూలముగా యావన్మంది పరిశోధకులకు తెలియజేయడమేమనగా, ఇకమీదట సమస్త క్షేత్ర పరిశోధనలు విశ్వవిద్యాలయ ఆవరణలోనే, ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు వరకు మాత్రమే జరుపవలెను. డెబ్బై ఐదు శాతం హాజరు లేనివారి రిజిస్ట్రేషన్ రద్దు కాగలదు."

హాజరంటే వేలిముద్ర. పదింటికొకటి, ఐదింటికొకటి. ప్రసూన గుట్ట దిగి, రెండు బస్సులు మారి, పరుగెత్తుకొచ్చి వేలు పెట్టేసరికి రోజూ పదకొండున్నర అయ్యేది. యంత్రం "ఆలస్యం" అని ఎర్రలైటు వెలిగించేది. నెల తిరిగేసరికి ఆమె హాజరు ముప్పై ఒక్క శాతం.

విరూపాక్షయ్య గారు పిలిపించారు. ఆయన చెడ్డమనిషి కాదు. ముప్పై ఏళ్లుగా ఫైళ్ల మధ్య ఉండటం వల్ల ప్రపంచం ఫైలులో ఉంటేనే ఆయనకు కనిపిస్తుంది, అంతే.

"అమ్మా, తమరు ఎక్కడ పరిశోధన చేయుచున్నారు?"

"దొడ్డిగుట్ట మీద సార్. ఆ మొక్క అక్కడ తప్ప లేదు."

"మొక్కను ఆవరణలోకి తరలించుటకు గల ఇబ్బంది?"

"చచ్చిపోతుంది సార్."

"చచ్చిన మొక్కపై పరిశోధన చేయుటకు గల ఇబ్బంది?"

ప్రసూన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు చూసి ఆయన మనసు కరిగింది. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, నియమావళి తెరిచారు, పేజీలు తిరగేశారు. అరగంట తరవాత ముఖం వెలిగిపోయింది.

"దారి కలదు. నిబంధన పందొమ్మిది ప్రకారం, విశ్వవిద్యాలయ గదుల జాబితాలో చేర్చబడిన ప్రతి స్థలమూ ఆవరణయే. గుట్ట ఆవరణలోకి రాలేదు. కానీ జాబితాలోకి రాగలదు."

ఆ వారమే తీర్మానమైంది. వృక్షశాస్త్ర విభాగంలో 213 దాకా గదులున్నాయి. దొడ్డిగుట్ట 214 అయింది.

ప్రసూన ఆ ఉత్తర్వు పట్టుకుని గుట్టెక్కి గంతులేసినంత పని చేసింది. అక్కడ మేకలు మేపుకునే కుళ్లాయమ్మ అవ్వ ఆ సంబరం చూసి దగ్గరికొచ్చింది. అరవై దాటిన మనిషి, నాలుగేళ్లుగా ప్రసూనకు మజ్జిగ పోస్తున్న మనిషి.

"ఏం పాపా, సంబంధం కుదిరిందా?"

"కాదవ్వా, ఈ గుట్ట ఇప్పుడు మా యూనివర్సిటీలో ఒక గది."

కుళ్లాయమ్మ నాలుగు దిక్కులా చూసింది. "గోడలేవి?"

"గోడలక్కర్లేదవ్వా. కాగితంలో గది."

"అట్లయితే పర్వాల్యా," అంది కుళ్లాయమ్మ. "మాకూ కాగితంలో ఇల్లుండాది."

వేలిముద్ర యంత్రాన్ని ఒక కమ్మీకి బిగించి గుట్ట మీద నాటారు. ప్రసూన ఆనందం సరిగ్గా నాలుగు రోజులు నిలిచింది. ఐదోరోజు తెల్లవారుజామున ఎక్కి చూస్తే కాలిబాట మధ్యలో ఒక తలుపుంది.

చుట్టూ ఏమీ లేదు. సిమెంటు దిమ్మెలో పాతిన ద్వారబంధం, దానికి పచ్చరంగు వేసిన టేకు తలుపు, తలుపుకు పిడికిలంత తాళం, తలుపు మీద "214". ఆ పక్కన స్టూలు వేసుకుని వృక్షశాస్త్ర విభాగం అటెండరు ఓబులేసు కూర్చున్నాడు. రెండేళ్లలో రిటైరయ్యే మనిషి. ఇన్నేళ్లలో ఒక్క తాళంచెవి పోగొట్టలేదని ఆయనకు గర్వం.

"తాళం లేని గదిని డిపార్ట్‌మెంటుకు అప్పజెప్పరు మేడమ్," అన్నాడు. "రూలు. పదింటికి తీస్తా."

"పువ్వులు తొమ్మిదికే మూసుకుంటాయి ఓబులేసన్నా!"

"పువ్వులకు నేనేం చెప్పేది మేడమ్? తాళం పదింటికి."

ప్రసూన ఒక నిమిషం తలుపు వైపు చూసింది, తలుపు పక్కన ఉన్న ఖాళీ వైపు చూసింది, చుట్టూ తిరిగి అవతలికి వెళ్లింది. ఓబులేసు గుండెల మీద చెయ్యేసుకుని లేచి నిలబడ్డాడు. ఆయన సర్వీసులో అంత ఘోరం చూడలేదు.

"మేడమ్! మేడమ్! తాళం వేసుండగా లోపలికి పోవడం దొంగతనం కింద వస్తాది! రండి, బయటికి రండి!"

"నేను బయటే ఉన్నాను కదన్నా!"

"లోపల్నించి మాట్లాడుతూ బయట అంటారేం మేడమ్!"

ఇంతలో కుళ్లాయమ్మ మేకలు పదిహేడూ తలుపుకు అటు ఇటు చీలి వెళ్లిపోయాయి. ఓబులేసు ఆ పదిహేడింటి మీదా మెమో రాశాడు. పాపం, నిజాయితీపరుడు. వాటి రంగులు కూడా రాశాడు. చివరికి ప్రసూన "ప్రత్యేక తరగతి" అని దరఖాస్తు పెట్టుకుంటే, పొద్దున్నే ఐదున్నరకు వచ్చి తాళం తీయడానికి ఒప్పుకున్నాడు. ఆ రోజు నుంచి ఆమె తలుపులోంచి గుట్టెక్కింది. కుళ్లాయమ్మ కూడా తలుపు దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చేది. అదేంటవ్వా అంటే, "గడప ఉండాది గదా పాపా" అంది.

గడప వచ్చాక మిగతావి ఆగుతాయా? విశ్వవిద్యాలయంలో ప్రతి గదికీ ఒక పట్టీ ఉంటుంది, అందులో ఉన్నవన్నీ గదిలో ఉండాలి. ఇంజినీరింగు విభాగం వారు లారీలో నల్లబల్ల తెచ్చారు. ముప్పై బెంచీలు తెచ్చారు. వాటిని ఏటవాలు రాతి మీద వేస్తే ముందు వరుసలు జారి కిందికెళ్లిపోయాయి. "వెనక బెంచీలవాళ్లు ముందుకు రావాలి" అన్న ఉపకులపతి గారి ఆశయం ఆ విధంగా నెరవేరింది. చెత్తబుట్ట తెచ్చారు, మేక తినేసింది. గోడలకు సున్నం వేయాలని నలుగురొచ్చి బండలకు వేయబోతుంటే ప్రసూన చేతులడ్డం పెట్టి, "ఇవి గోడలు కావు, నేల! నేలకు సున్నం వేయమని రూల్లో ఉందా?" అని అడిగింది. వాళ్లు పట్టీ చూసుకున్నారు. లేదు. బకెట్లు తీసుకుని వెళ్లిపోయారు. తన తెలివికి తానే మురిసిపోయింది.

ఆ మురిపెమే కొంప ముంచింది. గోడలు లేవన్న సంగతి ఆమె నోటితోనే ఫైలెక్కింది. నాలుగోనాడు కార్యనిర్వాహక ఇంజినీరు స్వయంగా వచ్చాడు. ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో పట్టీ.

"రెండు సీలింగు ఫ్యాన్లు మంజూరై ఉన్నాయి," అని పైకి చూశాడు. ఆకాశం కనిపించింది. చాలా అసంతృప్తిగా చూశాడు. "సీలింగు లేదు."

"గుట్ట కదా సార్."

"గది నంబరు 214లో తీవ్రమైన నిర్మాణలోపం గమనించడమైనది. గోడలే గాక పైకప్పు కూడా పూర్తిగా లోపించినది. ఇరవై ఎనిమిదో తారీఖున గుర్తింపు సంఘం వారు తనిఖీకి వేంచేయుచున్నారు. ఆలోగా స్లాబు వేయబడును."

స్లాబు పడితే వాన ఆగుతుంది, ఎండ ఆగుతుంది. గుంతల్లో నీళ్లు నిలవవు. గింజ మొలకెత్తదు. ఈ ఒక్క గుట్ట మీద తప్ప భూమ్మీద లేని మొక్క, ఈ గుట్ట మీద కూడా ఉండదు.

"సార్, స్లాబు వేస్తే ఈ మొక్కలన్నీ పోతాయి సార్!"

ఇంజినీరు నిజంగా ఆశ్చర్యపోయాడు. "ఏమ్మా, ఎండా వానా తగలకుండా కాపాడుతుంటే పోతాయంటావేం?"

గైడు దగ్గరికి పరుగెత్తింది. గైడు గారు మెత్తని మనిషి. స్లాబు మీద చిన్న కిటికీ పెట్టమని రాద్దామన్నారు. రిజిస్ట్రార్ గారి దగ్గరికి పరుగెత్తింది. "గదిగా గుర్తింపు కోరినది తమరే. గదికి కప్పు వద్దనుట తగదు" అన్నారాయన. ఇనుప కమ్మీలు గుట్ట కిందికి చేరిపోయాయి. పైన మొదటి మొగ్గలు కనిపిస్తున్నాయి. ప్రసూన ఆ రోజు విభాగం వరండాలో కూలబడి ఏడ్చింది, దాచుకోకుండా ఏడ్చింది.

అలా ఏడుస్తుండగానే ఒక సంగతి గమనించింది. ఎదురుగా సుత్తితో బెంచీలు బాగుచేస్తున్న వడ్రంగిని ఎవరో వచ్చి ఆపేశారు. ఉపకులపతి గారి కారు హారను కొట్టకుండా దొంగలా జారుకుంటూ వెళ్లింది. పెయింటింగు ఆగిపోయింది, మొక్కలకు నీళ్లు పెట్టే మోటారు ఆగిపోయింది. సాక్షాత్తు కార్యనిర్వాహక ఇంజినీరు చెప్పులు చేత్తో పట్టుకుని మునివేళ్ల మీద నడిచి వెళుతున్నాడు. ఎందుకంటే పక్క గదుల్లో పరీక్షలు జరుగుతున్నాయి.

ప్రసూన కళ్లు తుడుచుకుని పరీక్షల కంట్రోలర్ గదికి నడిచింది.

కంట్రోలర్ సత్యవతమ్మ గారంటే విశ్వవిద్యాలయమంతా హడలు. ఆమెకు తెలిసినవి రెండే: అభ్యర్థి, పరీక్ష. ఆ రెండింటి మధ్యకు ఎవరొచ్చినా ఆమె సహించదు.

"మేడమ్, గది నంబరు 214లో పరీక్ష పెట్టాలి."

"అభ్యర్థులు ఎందరు?"

"నాలుగు వందల పన్నెండు."

"నంబర్లు ఇచ్చారా?"

"ఒక్కొక్కరి పక్కనా బిళ్ల పాతాను మేడమ్."

"సీట్లు మారే అవకాశం?"

"లేదు మేడమ్. వేళ్లున్నాయి."

సత్యవతమ్మ గారు మొదటిసారి తలెత్తింది. ముప్పై ఏళ్లలో ఆమె విన్న మాటల్లో ఇంత తియ్యని మాట లేదు. "ఒక్కరు కూడా లేచి తిరగరా?"

"తిరగరు. మాట్లాడరు. నీళ్లకని బయటికి కూడా పోరు."

"ఇలాంటి పిల్లలు ఇంకా ఉన్నారా!" అందామె గద్గదంగా. "ప్రశ్నపత్రం?"

"ఒకే ప్రశ్న మేడమ్. పూయుము. ప్రాక్టికల్. వ్యవధి మూడు వారాలు."

మధ్యాహ్నానికల్లా ఉత్తర్వు వచ్చింది. "పరీక్షాకాలమున గది నంబరు 214కు వంద మీటర్ల పరిధిలో ఎట్టి నిర్మాణ కార్యకలాపములు, శబ్దములు, గుంపులు నిషిద్ధము." ఇంజినీరు కమ్మీల పక్కన మంచం వేసుకుని కూర్చున్నాడు. సిమెంటు మిక్సరు నోరు మూసుకుంది. ఇరవై ఎనిమిదిన రావలసిన గుర్తింపు సంఘం వారు కూడా, పరీక్షలని తెలియగానే, మౌనంగా నమస్కారం పెట్టి వెనక్కి వెళ్లిపోయారు.

మర్నాడు ఓబులేసు గంట కొట్టాడు. నాలుగు వందల పన్నెండు మొక్కలకూ హాల్ టిక్కెట్లు అందాయి. ఫోటో అంటించాల్సిన చోట ప్రసూన రాత్రంతా కూర్చుని ఆకులు గీసింది. అన్నీ ఒకేలా ఉన్నాయని పరీక్షల విభాగం వారు అడిగితే, "అన్నదమ్ములు సార్" అంది.

కుళ్లాయమ్మకు మాత్రం కోపమొచ్చింది. వంద మీటర్ల నిషేధమని ఓబులేసు ఆమె మేకల్ని ఆపేశాడు.

"ఓబులేసూ, నా మేకలు రాకపోతే గడ్డి లేచి ఆ ముక్కెరల్ని కప్పేస్తాది. గడ్డి ఎవురు తింటారు, నువ్వు తింటావా?"

"రూలు అవ్వా. వరసల మధ్య తిరిగేది ఇన్విజిలేటర్లు మాత్రమే."

"ఇన్నేండ్ల నుంచి వరసల మధ్య తిరుగుతాండేది ఎవురు మరి?"

ఓబులేసు ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టు మెమో రాసి పైకి పంపాడు. సత్యవతమ్మ గారు ఫైలు చూసి, కుళ్లాయమ్మను ఇన్విజిలేటరుగానూ, మేకల్ని సంచార పర్యవేక్షణ బృందంగానూ నియమించింది. కుళ్లాయమ్మ వేలు యంత్రం మీద పెడితే ముద్ర పడలేదు. ఎన్నేళ్ల కట్టెలు, ఎన్నేళ్ల కొడవలి! పదివేళ్లూ పెట్టినా యంత్రానికి మనిషి కనిపించలేదు. మేక గిట్ట పెడితే పడింది. అప్పటి నుంచి రిజిస్టరులో ఇన్విజిలేటరు హాజరంటే ఆ మేకదే.

ఆరోరోజు పొద్దు పొడిచింది. పైగుంతల్లో మొదటి ముక్కెర విచ్చుకుంది, దాని పక్కన ఇంకొకటి, ఇంకొకటి. ప్రసూన నోరు గట్టిగా మూసుకుని, శబ్దం చేయకుండా, పరీక్ష హాలులో ఎగరాల్సినంత మాత్రమే ఎగిరింది.

ఆ వేళప్పుడే ఫ్లయింగు స్క్వాడు దిగింది. స్క్వాడ్ ఆఫీసరు వ్యాయామ ఉపాధ్యాయుడు, మెడలో బైనాక్యులర్లు, నోట్లో ఈల. కాపీ కొట్టేవాణ్ని వాసన చూసి పడతాడని పేరు. వచ్చీ రాగానే ఈల ఊదాడు.

"ఆపండి! నూట ఆరో నంబరు అభ్యర్థి నుంచి నూట పదకొండో నంబరుకు చీటీ వెళ్లింది! నా కళ్లారా చూశాను!"

"సార్, అది తేనెటీగ. పుప్పొడి..."

"ఎవరు తెచ్చారన్నది తరవాత. వెళ్లిందా, లేదా?"

తేనెటీగ మీద కేసు రాశాడు. దాని సంతకం కావాలన్నాడు. కుట్టించుకున్నాడు. ఆ వాపు పక్కన "నిందితుని ముద్ర" అని రాసుకున్నాడు. అంతటితో వదిలితే ఆయన స్క్వాడ్ ఆఫీసరెలా అవుతాడు? మిగిలిన రెండు వారాలూ రోజూ పొద్దున్నే వచ్చి, బండ వెనక బోర్లా పడుకుని, ఏ చీటీ ఎక్కణ్నించి ఎక్కడికెళ్లిందో ఒక్కటి వదలకుండా రాసుకున్నాడు. పరిశోధకుడన్నవాడు అంత శ్రద్ధగా రాయగా ఎవరూ చూడలేదు. ఆఖరున ఇచ్చిన నివేదికలో ఇలా ఉంది: "పై వరుసలవారిలో తమలో తాము విచ్చలవిడిగా కాపీ జరిగినది. కింది వరుసలవారిలోనూ అంతే. కానీ పైవారి నుంచి కిందివారికి ఒక్క చీటీ కూడా అందలేదు. పైవారు ముగించి వెళ్లిన తరువాతనే కిందివారు మొదలుపెట్టిరి. ఈ రెండు వర్గాలకు పరస్పరం సంబంధం లేదని ధ్రువీకరించడమైనది."

ప్రసూన ఆ కాగితం రెండుసార్లు చదివింది. ఐదేళ్లుగా తాను రుజువు చేయాలనుకున్నది అదే. ఒక వాక్యం కూడా మార్చక్కర్లేదు. ధర్మవరానికి ఫోన్ చేసి, "అమ్మా, అయిపోయింది, అయిపోయిందమ్మా!" అని అరిచింది. ఓబులేసు పెదవుల మీద వేలు పెట్టి చూపించాడు.

ఆఖరి రోజు సత్యవతమ్మ గారు స్వయంగా గుట్టెక్కింది, తలుపులోంచే వచ్చింది. పైగుంతల్లో మొక్కలు గింజ కట్టుకుని తలలు వాల్చేశాయి. కింది గుంతలన్నీ పసుపుపచ్చగా మండిపోతున్నాయి. ఆమె మార్కుల పట్టీ ప్రసూన చేతిలో పెట్టింది.

"తొమ్మిదిలోగా వేసివ్వండి. నూటికి నూరు శాతం కదా! విశ్వవిద్యాలయ చరిత్రలోనే లేదు. ఉత్తీర్ణులైన వెంటనే గది ఖాళీ అయినట్టు రాసి ఇంజినీరింగు వారికి అప్పగించేస్తాను. పాపం, మూడు వారాలుగా కాచుకున్నారు."

కింద ఇంజినీరు మంచం మీంచి లేచి ఒళ్లు విరుచుకుంటున్నాడు. ఎవరో మిక్సరు తిప్పి చూసుకుంటున్నారు.

ప్రసూన ఇన్నాళ్లూ పరీక్ష మొదలవడం గురించే ఆలోచించింది, ముగియడం గురించి ఆలోచించలేదు.

"మేడమ్... ఒకవేళ తప్పితే?"

"తప్పితే ఏముంది? వచ్చే తొలకరికి సప్లిమెంటరీ. అదే గది, అదే సీటు. ఫలితం తేలేదాకా గదిలో గడ్డిపోచ కూడా కదపనివ్వను."

"ఎన్నిసార్లు రాయొచ్చు?"

"పాసయ్యేదాకా. అభ్యర్థి హక్కది."

"మేడమ్, మరి నా థీసిస్‌లో... ఇవి పూశాయని..."

సత్యవతమ్మ గారు కళ్లజోడు పైనుంచి చూసింది. "అమ్మాయ్, మార్కుల పట్టీలో పూయలేదని వేసి, థీసిస్‌లో పూశాయని రాస్తే అది తప్పుడు మూల్యాంకనం. ఒక్క పువ్వు ఫోటో బయటికొచ్చినా ఫలితం మార్చి అందరినీ పాస్ చేయిస్తాను. ఒక విశ్వవిద్యాలయంలో రెండు నిజాలు ఉండవు."

తొమ్మిదికి ఇంకా ఇరవై నిమిషాలుంది. ప్రసూన ఒక బెంచీ మీద, జారిపోకుండా మిగిలిన ఆఖరి బెంచీ మీద కూర్చుంది. చేతిలో స్క్వాడు నివేదిక, ఒళ్లో మార్కుల పట్టీ. ఐదేళ్లు. రెండు వందల సార్లు మారిన బస్సులు. పేరు ముందు డాక్టరని రాసుకోవాలని ఎంత ఆశ! ఆ ఆశ చిన్నదని ఆమె అనుకోలేదు, ఇప్పుడూ అనుకోవడం లేదు. ఈ ఏడు తప్పిస్తే వచ్చే ఏడూ తప్పించాలి, ఆ పై ఏడూ తప్పించాలి. ఆమెకు డాక్టరేటు రావాలంటే ఇవి ఒక్కసారి పాసవ్వాలి. పాసైన మర్నాడు వీటి మీద స్లాబు పడుతుంది.

కాసేపు చాలా కోపంగా ఏడ్చింది. ఆ తరవాత పెన్ను మూత తీసింది. కాళ్ల దగ్గర నాలుగు వందల రెండో నంబరు ఐదు రేకులూ విప్పుకుని ఆమె ముఖంలోకి చూస్తోంది. దాని ఎదుటే దాని నంబరు పక్కన సున్నా వేసింది. ఆ తరవాత ఒకటో నంబరు నుంచి వరసగా వేసుకుంటూ పోయింది. ఎక్కడో నూరు దాటాక నవ్వు మొదలైంది. రెండు వందలు దాటేసరికి ఆపుకోలేకపోయింది. మూడు వందల దగ్గర ఓబులేసు మజ్జిగ తెచ్చిచ్చి, "మేడమ్, బాగుండారా?" అని అడిగాడు.

సత్యవతమ్మ గారు పట్టీ అందుకుని పై నుంచి కిందిదాకా చదివింది. చుట్టూ విరగబూసిన గుట్టను ఒకసారి చూసింది. మళ్లీ పట్టీ చూసింది. "చాలా కఠినమైన మూల్యాంకనం," అని మెచ్చుకుని సంతకం పెట్టింది. కింద ఇంజినీరు కమ్మీలు లారీకెత్తించడం మొదలుపెట్టాడు.

మేకల్ని తోలుకుంటూ కుళ్లాయమ్మ వచ్చింది.

"ఏం పాపా, పరిచ్చ ఏమైంది? పాసేనా?"

"అందరూ తప్పారవ్వా. నేను కూడా."

కుళ్లాయమ్మ తలుపు అవతల చెప్పులు విడిచి లోపలికొచ్చి, ఆమె పక్కన బండ మీద కూర్చుంది. పసుపు పువ్వుల్ని చాలాసేపు చూసింది. తొమ్మిదవుతోంది. ఒక్కొక్కటే ముడుచుకుంటున్నాయి.

"పోనీలే పాపా," అంది. "పాసయ్యుంటే యాడుండేటివి ఇవి?"